దీవికొచ్చే డబ్బు, దీవిలో నిలిచే డబ్బు

అందరికీ నమస్కారం. చిన్న దీవి దేశాల పర్యాటకం అనగానే ఏటా ఎంతమంది వచ్చారన్న లెక్కే ముందు చెబుతారు. 1972లో కురుంబా అనే తొలి రిసార్టు తెరిచిన మాల్దీవులకు 2024లో 20 లక్షల మంది వచ్చారు. అక్కడి జనాభా 5 లక్షల పైచిలుకు. ఎదుగుదల గొప్పదే. మరి ఆ డబ్బులో దీవిలో నిలిచేదెంత?

ఒక్క టిఫిన్ పళ్ళెం చూడండి. చేప అక్కడిదే. వెన్న, కాఫీ, పళ్ళరసం, ఆఖరికి లెట్యూస్ ఆకు కూడా ఓడలోనో విమానంలోనో వచ్చినవే. టికెట్టు డబ్బు విదేశీ ఎయిర్‌లైన్‌కి, కమీషన్ బుకింగ్ సైటుకి అంతకుముందే వెళ్లిపోయాయి.

"ఊళ్లో రైతు దగ్గర కొనండి" అని హోటల్‌కి చెబితే చాలదు. వంటగదికి ఒకే సైజు టమాటా ఏడాది పొడుగునా, చెప్పిన వేళకి అందాలి. రైతు పంటేమో ఒక్కసారే చేతికొస్తుంది, ఆపైన రెండు నెలలు ఏమీ ఉండదు. హోటల్ బిల్లు 60 రోజులకి చెల్లిస్తే విత్తనాలకు కూడా చేతిలో పైసా ఉండదు. పదిమంది రైతులు కలిసి రెండేసి వారాల తేడాతో నారు వేసుకోవాలి. గ్రేడింగ్, కోల్డ్ స్టోరేజీ ఒక్కచోటే పెట్టుకోవాలి. సరుకు దించిన వారంలో రైతుకి డబ్బిచ్చి, హోటల్ దగ్గర తర్వాత వసూలు చేసుకునే చిన్న నిధి ఉండాలి. ఈ మూడింటిలో నిధినే ఎక్కువగా మరిచిపోతారు, పథకం కూలేది అక్కడే. మొదలు ఆకుకూరలతో పెట్టడం మేలు. కోళ్లకైతే దాణా మళ్లీ దిగుమతే.

నీళ్ల ఖర్చు ఇంకా పెద్దది. సముద్రపు నీటిని రివర్స్ ఆస్మోసిస్‌తో మంచినీళ్లు చేయాలంటే మంచి ప్లాంటులోనే వెయ్యి లీటర్లకి 3, 4 యూనిట్ల కరెంటు కావాలి. జనరేటర్ మీదైతే సుమారు లీటరు డీజిల్. 2014 డిసెంబరులో మాలే ప్లాంటులో మంటలు రేగితే రాజధాని కుళాయిలు ఆగిపోయాయి, భారత్ నుంచి విమానాల్లో, ఓడల్లో నీళ్లు వెళ్లాయి. అతిథులు పెరిగేకొద్దీ రెండో ప్లాంటు, నిల్వ ట్యాంకులు ముందే సిద్ధంగా ఉండాలి.

ఇక పన్ను. శాతం లెక్కన వేస్తే, ప్యాకేజీ పరాయి దేశంలో అమ్ముడై, దీవిలో బిల్లు చిన్నదిగా కనిపించవచ్చు. తలకి, రాత్రికి ఇంత అని వేస్తే గెస్ట్ రిజిస్టరు చూస్తే చాలు. మాల్దీవులు 2015లో 6 డాలర్ల గ్రీన్ ట్యాక్స్ మొదలుపెట్టి, 2025 జనవరి నుంచి రిసార్టులకి 12 చేశాయి. పసిఫిక్‌లోని పలావు అనే దీవి దేశం 2018 నుంచి 100 డాలర్ల పర్యావరణ రుసుమును విమాన టికెట్టులోనే కలిపేసింది. ఇలా వచ్చినదాంట్లో తొలి వాటా మురుగు పైపులకీ శుద్ధి ప్లాంటుకీ పోవాలి. పగడపు దీవుల్లో నేలంతా ఇసుకే కాబట్టి, సెప్టిక్ ట్యాంకు నుంచి కారిన నీరు ఊరి బావుల్లోకి దిగుతుంది.