నోరు కట్టేసిన రబ్బరు

శ్రోతలకు నమస్కారం.

మీ వీధిలో టిప్పర్ ఆగి ఉంటే ఇంజన్‌లోకి పోయే గాలిని వడకట్టే దాని ఎయిర్ క్లీనర్ డబ్బా అడుగున ఒకసారి చూడండి. నల్లటి రబ్బరు ముక్క ఒకటి వేలాడుతూ ఉంటుంది. కింద చీలికతో బాతు ముక్కులా ఉంటుంది. డస్ట్ వాల్వ్ అంటారు. రేడియేటర్ మూత గురించి, డీజిల్లోని నీటిని వేరుచేసే గిన్నె గురించి కూడా చెబుదామనుకున్నాను. కానీ ఈ రబ్బరంటే నాకు కాస్త పక్షపాతం.

మా మేనమామకు టెక్కలి దగ్గర క్వారీలో తిరిగే టిప్పర్ ఉండేది. టెక్కలి నీలిరాయి, అంటే నీలి గ్రానైట్, దేశాలు దాటి పోతుంది, దాని దుమ్ము మాత్రం మనకే మిగులుతుంది. ఒక వేసవిలో ఆ బండి నల్లపొగ కక్కడం మొదలెట్టింది. లోడుతో ఎత్తు ఎక్కలేదు. మామ ఫిల్టర్ తీసి, టైరుకేసి కొట్టి, మళ్లీ పెట్టేవాడు. నాలుగు రోజులకే మళ్లీ అదే పొగ. చివరికి మెకానిక్ బండి కిందికి వంగి చూసి నవ్వాడు.

"ఇదేటి బాబూ, దీని నోరు కట్టేసినారు?"

ఆ రబ్బరు ఊగుతోంది, ఊడిపోతుందేమోనని డ్రైవర్ తీగ చుట్టి బిగించేశాడు. తీగ విప్పగానే గుప్పెళ్లకొద్దీ బూడిదలాంటి పొడి!

లీటరు డీజిల్ మండాలంటే తక్కువలో తక్కువ పదివేల లీటర్ల గాలి కావాలి. ఆ గాలి డబ్బాలోకి సుడి తిరుగుతూ వస్తుంది. బరువైన దుమ్ము గోడకు కొట్టుకుని కిందికి జారుతుంది. ఇంజన్ జోరుగా తిరిగేటప్పుడు లోపలి పీల్పుకు రబ్బరు పెదవులు మూసుకుంటాయి, ఇంజన్ ఆపగానే వదులై దుమ్మును కిందికి రాలుస్తాయి. నోరు కట్టేస్తే దుమ్మంతా ఫిల్టర్ మీదే పడుతుంది, గాలి చాలక నల్లపొగ వస్తుంది. రబ్బరు చిరిగిపోయినా అంతే, ఆ కంతలోంచి గాలి దూరి సుడి చెడుతుంది. అప్పుడు మనం ఫిల్టర్ని కొడతాం, దాని కాగితం చిరుగుతుంది. గ్రానైట్ దుమ్ములోని క్వార్ట్జ్ అనే గట్టి ఖనిజం లోపలికి పోయి సిలిండర్ లోగొట్టమైన లైనర్‌ని, పిస్టన్ రింగుల్ని అరగదీస్తుంది. ఇంజన్ బోరుకొస్తుంది, అంటే విప్పి బాగుచేయించాల్సి వస్తుంది. లోపల ఇంకో చిన్న ఫిల్టర్ ఉంటుంది, దాన్ని కొట్టకండి, గాలి కూడా పట్టకండి. పాడైతే మార్చడమే.

కొన్ని ఎస్‌యూవీల్లోనూ గాలి పెట్టె అడుగున ఇలాంటి బుల్లి రబ్బరు ముక్కు ఉంటుంది.

డ్రైవర్ సోదరులారా, ఒక్క మాట. ఇంజన్ ఆపి ఉండగా రోజూ ఆ ముక్కును రెండు వేళ్లతో నొక్కండి. నొక్కండి, వదలండి, మళ్లీ నొక్కండి. పొడి రాలితే సంతోషం. క్వారీ దారిలో రోజంతా తిరిగినా చిటికెడు దుమ్ము కూడా రాలకపోతే అనుమానించండి. వాన తడికి లోపల బురద గట్టిపడిందేమో పుల్లతో మెల్లగా కెలికి చూడండి. పెదవులు చీలి ఉంటే రబ్బరు మార్చేయండి, ఖరీదైన సామానేం కాదు.

సెలవు.