కెనడాలో శరణార్థి దరఖాస్తు కొట్టేశాక కోర్టు ఏం చేస్తుంది?

నమస్కారమండి. అమలాపురం, రాజోలు, భీమవరం వైపు తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది. "మా అబ్బాయి కెనడాలో శరణార్థిగా అప్లై చేశాడు, కొట్టేశారు. అప్పీలూ పోయింది. ఫెడరల్ కోర్టుకి వెళ్తే స్టేటస్ ఇచ్చేస్తారంట కదా?"

ఇవ్వరండి. మన దగ్గర తహసీల్దారు ఆర్డరు మీద హైకోర్టులో రిట్ వేస్తాం. ఆర్డరు తప్పైతే రద్దుచేసి, మళ్ళీ విచారించమని మామూలుగా వెనక్కి పంపుతారు. జడ్జిగారే కూర్చుని పట్టా రాసివ్వరు. అక్కడా అంతే. గెలిస్తే ఫైలు మళ్ళీ అప్పీలు విభాగానికి వెళ్తుంది, ఈసారి వేరే సభ్యులు చూస్తారు.

దానికీ ముందు కోర్టు అనుమతి కావాలి. నిర్ణయం అందిన 15 రోజుల్లో దరఖాస్తు పడాలి. అనుమతి రాకపోతే దానిమీద అప్పీలు లేదు. గడువులో వేస్తే చాలామందికి కేసు తేలేదాకా దేశం నుంచి పంపడం ఆగుతుంది, అందరికీ కాదు.

జడ్జి చూసేదేమిటో 2019లో వావిలోవ్ కేసులో కెనడా సుప్రీంకోర్టు చెప్పింది. నిర్ణయం సహేతుకమేనా, రాసిన కారణాలు సాక్ష్యాలకు అతుకుతున్నాయా? "నేనైతే ఇంకోలా తేల్చేవాణ్ణి" అని జడ్జికి అనిపించినంత మాత్రాన చాలదు.

మనవాళ్ళ కేసులు చాలావరకు చిక్కుకునేది ఒకచోట. "కోనసీమలో నీకు ప్రమాదం ఉందనే అనుకుందాం. ముంబైలోనో కోల్‌కతాలోనో బతకొచ్చు కదా?" అంటారు నిర్ణయించేవాళ్ళు. అప్పుడు చూడాల్సినవి రెండు. వేధించేవాళ్ళకి అంతదూరం వెతికే పట్టుదల, పలుకుబడి ఉన్నాయా? అక్కడ బతకమనడం న్యాయమేనా? "వాళ్ళు ఇప్పటికీ ఇంటికొచ్చి మావాడి కోసం అడుగుతున్నారు" అని తల్లి ఇచ్చిన అఫిడవిట్‌ను పట్టించుకోకుండా నిర్ణయం రాసేశారనుకోండి, కోర్టులో నిలబడగల పాయింటు అది.

నాకు కడుపు మండేది ఏజెంట్ల మీద. "కథ మేం రాస్తాం, కేసుల్లో ఏళ్ళు గడిచిపోతాయి" అంటే పిల్లలు సంతకం పెట్టేస్తున్నారు. వర్క్ పర్మిట్ అయిపోవడం, అప్పు తీరకపోవడం నిజమైన కష్టాలే. కానీ వాటివల్ల శరణు రాదు. నిర్ణయించేవాళ్ళ ఎదుట కూర్చుని గోడు చెప్పుకునే హక్కు 1985లో కెనడా సుప్రీంకోర్టు తేల్చిన సింగ్ కేసుతో వచ్చింది. ఆ కేసు వేసినవాళ్ళలో ఎక్కువమంది భారతీయ సిక్కులు. కట్టుకథలు పెరిగితే, నిజంగా ప్రాణభయంతో వెళ్ళినవాడి మాట కూడా నమ్మరు.

ఇంకొకటి. ఇప్పుడు పరుగులు పెట్టి తెచ్చిన ఎఫ్‌ఐఆర్ కాపీని కోర్టు మామూలుగా చూడదు. పాత ఫైల్లో ఉన్నదే చూస్తుంది. అయినా పారేయకండి, లాయరుకి పంపండి. కేసు వెనక్కి వెళ్తే అప్పుడు పనికిరావచ్చు.