పదో తరగతి మెమో ఎక్కడుందమ్మా?

ర్యాంకులు వచ్చే రోజుల్లో మా ఫోన్-ఇన్ కార్యక్రమానికి ఎప్పుడూ సీట్ల గురించే ఫోన్లు వస్తాయి. ఈసారి మాత్రం గంట సేపూ గంజాయి కేసుల్లో ఇరుక్కున్న పిల్లల గురించే మాట్లాడాం. కొన్నేళ్లుగా పిల్లల కేసులు చూస్తున్న ఒక న్యాయవాది హన్మకొండ నుంచి వచ్చి మాతో కూర్చున్నారు. ఫోన్ చేసినవాళ్ల పేర్లు, వీధులు తీసేశాను. మాటలు వాళ్లవే.

వ్యాఖ్యాత: మొదటి ఫోన్ తీసుకుందాం. నమస్తే, చెప్పండమ్మా.

తల్లి: నమస్తే సారు. మాది నర్సంపేట దగ్గర ఊరు. పత్తి చేను ఉంది. కొడుకు ఇంటర్ కోసం రెండేళ్ల నుంచి హన్మకొండలో గది తీసుకుని ఉంటున్నాం. మే 28 రాత్రి వాడిని, ఇంకో ముగ్గురిని చెరువు కట్ట మీద పట్టుకున్నారు. గంజాయి దొరికిందట. బెయిల్ వచ్చింది. ఎప్‌సెట్‌లో ర్యాంకు మంచిగానే వచ్చింది మేడం. ఇంక వాడికి సీటు ఇవ్వరని మా మరిది అంటున్నాడు. మా ఆయన అన్నం కూడా సరిగ్గా తినడం లేదు.

న్యాయవాది: ఏడవకండమ్మా. నేను అడిగినవాటికి ఒక్కొక్కటిగా చెప్పండి. పంచనామాలో ఎంత బరువు రాశారు?

తల్లి: అరవై గ్రాములు అన్నారు. అందరి దగ్గరా కలిపి.

న్యాయవాది: మత్తు పదార్థాల కేసులకు వర్తించే ఎన్‌డీపీఎస్ చట్టం ముందు చూసేది బరువే. గంజాయి కిలో లోపు ఉంటే చిన్న పరిమాణం. దానికి గరిష్ఠంగా ఏడాది జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కిలో నుంచి 20 కిలోల వరకు అయితే పదేళ్ల వరకు పడొచ్చు. 20 కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ ఉండదు, బెయిల్ కూడా చాలా కష్టం. మీ వాడిది మొదటి మెట్టు. ఇప్పుడు అసలు ప్రశ్న. బాబు పుట్టిన తేదీ ఏంది?

తల్లి: ఆధార్‌లో జనవరి ఒకటి ఉంది. మొన్ననే పద్దెనిమిది నిండాయని స్టేషన్లో రాసుకున్నారు. కానీ వాడు ఎండాకాలం పోయి తొలకరి పడ్డప్పుడు పుట్టాడు. ఆధార్ తీసినాయన అప్పుడు జనవరి ఒకటి వేశాడు.

న్యాయవాది: పదో తరగతి మెమోలో?

తల్లి: జూన్ ఏదో ఉండాలి. గుర్తు లేదు.

న్యాయవాది: మెమో ఎక్కడుందమ్మా?

తల్లి: బీరువాలో ఉంటది. ఏనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మితే ఇచ్చే తక్‌పట్టీలు, భూమి పాసుబుక్కు, అన్నీ ఒక్క కవర్‌లోనే పెట్టిన.

న్యాయవాది: వెళ్లి తీయండి. తొందరేం లేదు, దొరికాక మళ్లీ ఫోన్ చేయండి. తేదీ, నెల, సంవత్సరం మూడూ చదివి చెప్పాలి. మీ వాడి కేసు ఏ దారిన పోతుందో ఆ కాగితమే చెబుతుంది.

వ్యాఖ్యాత: అమ్మ వెతికేలోపు, ఆ కాగితానికి అంత విలువ ఎందుకో చెప్పండి మేడం.

న్యాయవాది: ఘటన జరిగిన రోజున పద్దెనిమిది నిండకపోతే ఆ పిల్లవాడు బాలల న్యాయ చట్టం 2015 కిందికి వస్తాడు. మామూలు కోర్టు కాదు, జువైనల్ జస్టిస్ బోర్డు విచారిస్తుంది. లాకప్‌లో పెట్టకూడదు, జైలుకు పంపకూడదు. 24 గంటల్లో బోర్డు ముందు హాజరు పరచాలి. ఒక్కరోజు తక్కువైనా సరే, ఆ చట్టమే వర్తిస్తుంది. వయసు మీద అనుమానం వస్తే సెక్షన్ 94 వరుస చెప్పింది. ముందు బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం లేదా పదో తరగతి మెమో. అవి లేకపోతేనే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చే జనన ధ్రువపత్రం. అదీ లేకపోతే ఎముకల పరీక్ష. ఆ వరుసలో ఆధార్ లేదు. వయసు తేల్చడానికి ఆధార్ సరిపోదని 2024లో సుప్రీంకోర్టు కూడా ఒక ప్రమాద పరిహారం కేసులో చెప్పింది.

మన దగ్గర ఎంతమంది పిల్లలకు ఆధార్‌లో జనవరి ఒకటి ఉందో చూడండి. ఎవరో కంప్యూటర్ ముందు కూర్చుని కొట్టిన తేదీ అది. దానివల్ల ఒక పిల్లవాడు పెద్దవాళ్ల కోర్టులో నిలబడితే నాకు నిద్ర పట్టదు.

వ్యాఖ్యాత: ఇంకో ఫోన్ లైన్లో ఉంది. ఎక్కడి నుంచి?

యువకుడు: కరీంనగర్ నుంచి అన్నా. ఇంజినీరింగ్ సెకండియర్. పోయిన సంవత్సరం నా మీద కేసైంది, చిన్న పరిమాణమే. అప్పుడు నాకు పంతొమ్మిది. ఇప్పుడు కోర్టులో, ‘ఒప్పుకో, ఫైన్ కట్టు, ఒక్క పూటలో అయిపోతది’ అని తెలిసిన వాళ్లు చెబుతున్నారు. నాకు ఎమ్మెస్‌కు అమెరికా పోవాలని ఉంది.

న్యాయవాది: తమ్ముడూ, నువ్వు ఇంకా ఒప్పుకోలేదు కదా?

యువకుడు: లేదు మేడం. వాయిదా వచ్చే వారం.

న్యాయవాది: మంచి సమయానికి చేశావు. ఒప్పుకోవడం అంటే కేసు అయిపోవడం కాదు, శిక్ష పడటం. జరిమానా ఐదు వందలైనా అది నేర నిర్ధారణే. ఆ మాట నీ వెంట చాలా దూరం వస్తుంది. నా దగ్గరికి ఒకబ్బాయి వచ్చాడు. పేపరు మీద సంతకం పెట్టి, ఫైన్ కట్టి, సాయంత్రానికి ఇంటికి పోయి బిర్యానీ తిన్నాడట. నాలుగేళ్ల తర్వాత ఉద్యోగం దరఖాస్తులో ‘మీకు ఎప్పుడైనా శిక్ష పడిందా’ అన్న గడి దగ్గర ఆగిపోయి, ఆ ఫారం మడతపెట్టుకుని వచ్చాడు. అంత చిన్న జరిమానాకు అంత పెద్ద అర్థం ఉందని ఆ రోజు వాడికి ఎవరూ చెప్పలేదు.

యువకుడు: అమెరికాలో చాలా రాష్ట్రాల్లో గంజాయి చట్టబద్ధమే కదా మేడం?

న్యాయవాది: వీసా ఇచ్చేది రాష్ట్రం కాదు, అక్కడి కేంద్ర ప్రభుత్వం. వాళ్ల వలస చట్టంలో మత్తు పదార్థాల నేరానికి శిక్ష పడితే ప్రవేశానికి అడ్డంకి. చిన్న నేరాలకు అక్కడ ఉండే సడలింపు దీనికి లేదు. వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని సూటిగా అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే అది ఇంకో నేరం, దానికదే శాశ్వత అడ్డంకి కావచ్చు. పాస్‌పోర్ట్ సంగతి కూడా విను. కోర్టులో కేసు నడుస్తుండగా పాస్‌పోర్ట్ నిరాకరించే అధికారం వాళ్లకు ఉంది. 1993 నాటి నోటిఫికేషన్ ప్రకారం ఆ కోర్టు అనుమతి తెచ్చుకుంటే పరిమిత కాలానికి ఇస్తారు.

యువకుడు: మరి నేనేం చేయాలి?

న్యాయవాది: ఒక మాట నిజంగా చెప్పు. ఇక్కడ నీ పేరు ఎవరికీ తెలియదు. ఇప్పటికీ అలవాటుందా?

యువకుడు: (కాసేపు ఆగి) ఉంది మేడం. మానేద్దామని చూస్తున్నా. రెండు రోజులు ఆగితే మూడో రోజు నిద్ర పట్టదు.

న్యాయవాది: చెప్పడం ధైర్యమే. ఎన్‌డీపీఎస్ చట్టంలో సెక్షన్ 64ఏ ఉంది. అలవాటుకు లోబడ్డ మనిషి చిన్న పరిమాణం కేసులో, తనంత తానుగా ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ గుర్తింపు ఉన్న కేంద్రంలో గానీ చికిత్సకు వెళితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కోరవచ్చు. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అందుకే కోర్టుకు చూపించడానికి కాదు, నిజంగా మానడానికి వెళ్లాలి. 14446కు ఫోన్ చెయ్యి. డబ్బు ఖర్చు లేదు, దగ్గరలో ఏ కేంద్రం ఉందో చెబుతారు. చికిత్సకు చేరాక అక్కడిచ్చే చీటీ తీసుకుని నీ వకీలు దగ్గరికి పో. ‘ఒప్పుకో’ అన్నవాళ్లను సెక్షన్ 64ఏ గురించి అడుగు.

యువకుడు: ఇంట్లో తెలియదు మేడం.

న్యాయవాది: అమ్మకు ముందు చెప్పు. బాపు కోపం రెండు రోజులు ఉంటది. నువ్వు మాత్రం ఆ వాయిదాకు ఒంటరిగా పోవద్దు.

ఆ తమ్ముడి గొంతు చివర్లో కొంచెం తేలికపడింది. నేను హెడ్‌ఫోన్ సరిచేసుకునేలోపే ఇంకో లైన్ మోగింది.

అన్న: నమస్తే. భూపాలపల్లి నుంచి. మా తమ్ముడు డిగ్రీ ఫస్టియర్. ఎవరో ఫోన్ చేసి భద్రాచలం నుంచి ఒక బ్యాగు కాజీపేటకు తెస్తే ఐదు వేలు ఇస్తామన్నారట. బ్యాగులో ఏముందో చెప్పలేదట.

న్యాయవాది: వెళ్లాడా?

అన్న: ఇంకా లేదు.

న్యాయవాది: అయితే ఈ ఫోన్ చాలా మంచి సమయానికి వచ్చింది. వద్దు. ఒడిశా సరిహద్దు నుంచి ఆ దారిలో వచ్చే బ్యాగులు గ్రాముల్లో ఉండవు. రెండు మూడు కిలోల పొట్లాలు ఉంటాయి, ఒక్క పొట్లంతోనే కిలో దాటేస్తుంది. ‘నాకు తెలియదు’ అన్న మాటను ఇక్కడ నమ్మించడం కష్టం. ఈ చట్టం సరుకు దొరికితే తెలిసే ఉందని అనుకుంటుంది, తెలియదని మనమే నిరూపించుకోవాలి. అసలు మనిషి ఆ పక్క బస్సులో కూడా ఉండడు. మీ తమ్ముడికి ఎన్నేళ్లు?

అన్న: పద్దెనిమిది దాటింది.

న్యాయవాది: దాటకపోతే పిల్లవాడితో మోయించినవాడికి బాలల న్యాయ చట్టం ప్రకారం ఏడేళ్ల వరకు జైలు ఉండేది. దాటింది కాబట్టి ఇప్పుడు భారం తమ్ముడి మీదే. ఆ ఫోన్ నంబర్, మెసేజీలు చెరిపేయకండి. మత్తు పదార్థాల మీద ఫిర్యాదులు తీసుకునే మానస్ హెల్ప్‌లైన్ 1933కు చెప్పండి.

వ్యాఖ్యాత: మేడం, నర్సంపేట అమ్మ మళ్లీ లైన్లోకి వచ్చారు.

తల్లి: దొరికింది సారు. తక్‌పట్టీల నడుమ ఇరుక్కుంది. కళ్లజోడు లేదు, పిల్లవాడితో చదివిస్తా.

అబ్బాయి: (చాలా మెల్లగా) జూన్ పదకొండు. రెండు వేల ఎనిమిది.

న్యాయవాది: బాబూ, పట్టుకున్నది ఈ సంవత్సరం మే 28నే కదా?

అబ్బాయి: అవును మేడం. 2026 మే 28.

న్యాయవాది: అయితే ఆ రోజుకు నీకు పద్దెనిమిది నిండలేదు. పద్నాలుగు రోజులు తక్కువ.

తల్లి: అంటే ఏందమ్మా?

న్యాయవాది: అంటే మీ వాడు ఆ రోజుకు చట్టం దృష్టిలో పిల్లవాడు. ఇప్పుడు పద్దెనిమిది దాటినా మారదు. మీ వకీలుతో బాలల న్యాయ చట్టం సెక్షన్ 9 కింద ఇప్పుడున్న కోర్టులో దరఖాస్తు పెట్టించండి. వయసు విషయం ఏ దశలోనైనా ఎత్తవచ్చు. కోర్టు వయసు విచారించి కేసును బోర్డుకు పంపుతుంది. వకీలుకు ఇచ్చే పైసలు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. పిల్లలకు ఉచితమే, ఆదాయం అడగరు. నంబర్ 15100.

తల్లి: మిగతా ముగ్గురు?

న్యాయవాది: పెద్దవాళ్లు ఉంటే వాళ్ల కేసు మామూలు కోర్టులోనే ఉంటుంది. పెద్దవాళ్లు కలిసి ఉన్నారు కాబట్టే ఎఫ్ఐఆర్ అయింది. లేకపోతే ఇంత చిన్నదానికి పిల్లవాడి మీద ఎఫ్ఐఆర్ కూడా ఉండదు, స్టేషన్ డైరీలో రాసి, ఇంటి పరిస్థితి రిపోర్ట్ బోర్డుకు పంపుతారు. బోర్డు మందలించి పంపవచ్చు, కౌన్సెలింగ్, సమాజ సేవ, కొంతకాలం అధికారి పర్యవేక్షణలో ఉండే ప్రొబేషన్ చెప్పవచ్చు. ఆ తర్వాత ఆ నిర్ణయం వల్ల చదువుకు గానీ ఉద్యోగానికి గానీ అనర్హత రాకూడదని సెక్షన్ 24 చెబుతుంది. రికార్డు కూడా నిర్ణీత గడువు తర్వాత తీసేయాలి. కేసు ముగిశాక పోలీసులు క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం ఆ విషయం బయటపెట్టకూడదని సెక్షన్ 74లో ఉంది. పత్రికలో బాబు పేరు, ఫోటో వేయడం కూడా నేరమే.

అబ్బాయి: మేడం... ఎప్‌సెట్ సీట్ల కౌన్సెలింగ్‌కు పోవచ్చా నేను?

న్యాయవాది: పోవాలి నాయనా. అక్కడ చూసేది ర్యాంకు కార్డు, మెమోలు, టీసీ, స్టడీ సర్టిఫికెట్, కుల ఆదాయ పత్రాలు. కోర్టు తేదీ, కౌన్సెలింగ్ తేదీ ఒక్క రోజే పడితే ముందుగానే మీ వకీలుతో హాజరు మినహాయింపు అడిగించు. తర్వాత కాలేజీలో ఎవరైనా ‘ఈ కేసుంది, టీసీ తీసుకుపో’ అని నోటిమాటగా అంటే తీసుకోకు. లిఖితపూర్వకంగా నోటీసు ఇమ్మని, జవాబు చెప్పే అవకాశం ఇమ్మని అడుగు. ఒక్క సంగతి. ఆ రాత్రి నువ్వు గంజాయి తాగావా?

అబ్బాయి: ... తాగాను. మూడోసారి.

తల్లి: (వెనక నుంచి) నాకు చెప్పలేదు కదరా.

న్యాయవాది: అమ్మా, ఇప్పుడు తిట్టకండి. చెప్పాడు కదా. మీ వకీలుకు కూడా ఇలాగే చెప్పనివ్వండి. దాచిన మాట కోర్టులో ఎదురుపడితే మేం సాయం చేయలేం. పోలీసు వాళ్ల ముందు మాత్రం చదవని కాగితం మీద సంతకం వద్దు. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట ఎప్పుడూ సాక్ష్యంగా చెల్లదు, ఎన్‌డీపీఎస్ చట్టం కింద పట్టుకునే అధికారుల ముందు ఒప్పుకున్నదీ చెల్లదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా పేపరు మీద పడ్డాక దాన్ని దాటుకుంటూ నడవడం కష్టం.

తల్లి: మెమో కోర్టుకు ఇచ్చేస్తే కౌన్సెలింగ్‌కు ఏం చూపించాలి?

న్యాయవాది: మంచి ప్రశ్న. ఒరిజినల్ ఎవరికీ ఇవ్వకండి. సర్టిఫై చేయించిన నకలు పెట్టించండి, ఒరిజినల్ చూపించి తెచ్చుకోండి. రేపు పొద్దున జిరాక్స్ తీయించండి.

తల్లి: రెండు చాలా?

న్యాయవాది: నాలుగు తీయించండమ్మా. ఒకటి బాబు చదివే పుస్తకంలో పెట్టండి.