నల్ల జుట్టులోని ఎరుపు

అందరికీ నమస్కారం. ఈ కాలనీ హాలులో ఇంతకుముందు మధుమేహం గురించి, ఇంకుడుగుంతల గురించి ప్రసంగాలు జరిగాయట. వాటి సరసన ఇంట్లో జుట్టుకు ఎర్రరంగు వేసుకోవడం అనే విషయం తేలిగ్గా కనిపిస్తుందని నాకూ తెలుసు. కార్యదర్శిగారు ఫోనులో "మేడమ్, ఇంకేదైనా విషయం ఉందా?" అని రెండుసార్లు అడిగారు. లేదండీ అన్నాను. ఇంటర్మీడియట్ పిల్లలకు చాలా ఏళ్లు రసాయనశాస్త్రం చెప్పాను. హైడ్రోజన్ పెరాక్సైడ్ పాఠం రోజున వెనక బెంచీలు మేలుకుని ఉండగా ఏనాడూ చూడలేదు. అదే పెరాక్సైడ్ గురించి మా మేనకోడలు ఒక రాత్రి పదకొండింటికి మా స్నానాలగదిలో అడిగిన ప్రశ్నలు మాత్రం ఏ పరీక్షపత్రంలోనూ రాలేదు.

ముందు ఆ రాత్రి సంగతి. మా ఇల్లు నల్లకుంటలో. మా అన్నయ్య కూతురు ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతూ హాస్టల్లో ఉండేది. ఒక శనివారం ఎర్రరంగు పెట్టె ఒకటి పట్టుకుని వచ్చింది. పెట్టె మీది అమ్మాయి జుట్టు మిరపపండులా ఉంది. మేమంతా టీవీ ముందు ఉండగా గదిలో గడియ పెట్టుకుని, తలకు నూనె రాసుకున్నట్టే కుదుళ్ల నుంచి మొదలుపెట్టి చివర్ల దాకా పూసేసుకుంది. కడిగి బయటికి వచ్చేసరికి మాడు చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పున నిప్పుల రంగు, దాని కింద నడుము దాకా నలుపే. మా అమ్మ కళ్లద్దాలు సర్దుకుని చూసి, "ఏమే, నెత్తిన కుంపటి పెట్టుకున్నావా?" అంది. పిల్ల ఏడుపు అందుకుంది.

ఆ నాలుగు వేళ్ల గీత ఎందుకు వచ్చిందో చెబితే ఈ ప్రసంగంలో సగం అయిపోయినట్టే. ఆరు నెలల కిందట ఆ పిల్ల నల్ల హెన్నా పెట్టుకుంది. జుట్టు నెలకు ఒక సెంటీమీటరు, కాస్త ఎక్కువ పెరుగుతుంది. అంటే ఆరు నెలల్లో పుట్టిన కొత్త జుట్టు ఆ నాలుగు వేళ్లే. పెరాక్సైడ్ కలిపిన ఆ ఎర్రరంగు అక్కడ పనిచేసింది. దాని కిందంతా పాత రంగు కాపలా కూర్చుంది. వేసిన రంగును మరో రంగు తొలగించలేదు. సెలూన్లలో పనిచేసేవారికి ఇది మొదటి వారంలోనే తెలుస్తుంది. పెట్టె మీద మాత్రం ఎవరూ పెద్ద అక్షరాలతో రాయరు.

ఇప్పుడు ఈ అట్ట చూడండి. ముందు వరుస వాళ్లు చూసి వెనక్కి అందించండి, దయచేసి పాయలను లాగకండి. నేను జుట్టు కత్తిరించుకున్నప్పుడు దాచిన పాయలివి. అప్పటికి ఏ రంగూ తగలనివి. అయిదింటిలో ఒకదాన్ని అలాగే ఉంచి, మిగిలిన నాలుగింటినీ ఒకే గిన్నెలోని బ్లీచ్‌లో, అంటే పెరాక్సైడ్‌తో కలిపిన, జుట్టు రంగు తీసే మందులో ముంచి ఒక్కొక్కటీ ఒక్కో సమయానికి తీశాను. మొదటిది మన నలుపు. రెండోది వెలుగుకు ఎదురుగా పెట్టి చూస్తే ఇరానీ హోటల్ డికాషన్ రంగు. మూడోది ఇటుక. నాలుగోది నారింజ. అయిదోది అరటితొక్క లోపలివైపు ఉండే లేత పసుపు. చివరిదాన్ని వేళ్ల మధ్య నలిపి చూడండి, కొబ్బరిపీచులా ఉంటుంది. తడిపితే రబ్బరులా సాగుతుంది, ఆ తర్వాత తెగుతుంది.

నలుపు నుంచి పసుపుకు వెళ్లే దారిలో ఎరుపు ఉంది. నేను ఈ రోజు చెప్పవలసిన మాట ఇదొక్కటే. మన జుట్టులో మెలనిన్ అనే రంగు రెండు రకాలు. యూమెలనిన్ నలుపు, గోధుమ రంగులు ఇస్తుంది. ఫియోమెలనిన్ ఎరుపు, పసుపు ఛాయలు ఇస్తుంది. మనలాంటి వారికి మొదటిదే మెండు. పెరాక్సైడ్ ముందుగా విరిచేది దాన్నే, రెండోది మొండిది, నిలబడుతుంది. అందుకే నలుపు తగ్గేకొద్దీ లోపలి ఎరుపు, నారింజ బయటపడతాయి. బంగారు రంగు జుట్టు కావాలనుకునేవారు ఆ నారింజతో నెలల తరబడి కుస్తీ పడతారు. ఎరుపు కావాలనుకునేవారికి అది అయాచితంగా దొరికిన పునాది. అయినా చాలామంది మూడో పాయ దగ్గర ఆగకుండా అయిదో పాయ దాకా పరుగెత్తి జుట్టును పాడు చేసుకుంటారు. తెల్లగా చేస్తేనే రంగు బాగా పడుతుందని ఎవరో చెప్పి ఉంటారు.

ప్రతి పాయ కింది సగానికి పెరాక్సైడ్ లేని ఒకే ఎర్రరంగు వేశాను, గమనించారా? మొదటి పాయలో ఏమీ కనిపించదు. నల్లకోటు మీద ఎర్రసిరా చల్లినట్టే. రెండోది నేరేడుపండు గుజ్జు ఛాయ, ఎండలోకి వెళ్తేనే తెలుస్తుంది. మూడోది ముదురు కుంకుమ. నాలుగోది పండుమిరప, అంటే ఆ పెట్టె మీది అమ్మాయి జుట్టు. అయిదోది ఇంకా మెరిసింది, ఒప్పుకుంటాను. కానీ నాలుగైదు తలస్నానాలకే వెలిసిపోయిన గులాబీ రిబ్బనులా తయారైంది.

గోరింటాకు సంగతి కూడా ఇదే. ఆషాఢంలో అరచేయి పండించేది లాసోన్ అనే పదార్థం. చర్మంలోనూ జుట్టులోనూ ఉండే కెరాటిన్‌ను అది గట్టిగా పట్టుకుంటుంది. చార్మినార్ పక్క సందుల్లో నారింజ రంగు గడ్డంతో కూర్చునే పెద్దమనుషులను మీరంతా చూసే ఉంటారు. అదే గోరింటాకును ఇరవై ఏళ్ల కుర్రాడి నల్ల గడ్డానికి పెడితే ఎండలో చిన్న ఎర్రజీర తప్ప ఏమీ రాదు. గోరింటాకు రంగు వేయగలదు గానీ ఉన్న నలుపును తీయలేదు. పెద్దాయన గడ్డంలో తీయడానికి నలుపు లేదు, అంతే తేడా.

మరి తీసే మందు ఏది? ఆ నా పాత పాఠమే. పెరాక్సైడ్‌ను 1818లో తెనార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కనిపెట్టాడు. సీసా మీద 10, 20, 30, 40 వాల్యూమ్ అని ఉంటుంది. 20 వాల్యూమ్ అంటే ఒక మిల్లీలీటరు ద్రవం నుంచి 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వస్తుందని. శాతంలో చెప్పాలంటే 10 అంటే 3, 20 అంటే 6, 30 అంటే 9, 40 అంటే 12. ఈ లెక్క పరీక్షలో చేసి మరిచిపోయినవారు ఈ గదిలో కనీసం పదిమంది ఉంటారు, ఇద్దరు నా విద్యార్థులే. దుకాణాల్లో దీన్ని డెవలపర్ అంటారు. ఇంట్లో 20 దాటవద్దని నా మాట. 40 తెచ్చుకుంటే పని త్వరగా అవుతుంది, నిజమే. నారింజ దగ్గర ఆపాల్సినది మీరు ఫోను ఎత్తి పెట్టేలోపు పసుపులోకి జారిపోతుంది, మాడు మండుతుంది.

దారులు రెండు. బ్లీచ్ లేకుండా, డెవలపర్‌తో కలిపే ఎర్రరంగు నేరుగా పెట్టుకోవడం ఒకటి. ఏ రంగూ తగలని జుట్టు అయితే అది నలుపును రెండు మెట్లు తగ్గించి అక్కడే రంగు నింపుతుంది. వచ్చేది రెండో పాయ, మహా అయితే మూడో పాయ. ఉద్యోగానికి వెళ్లేవారికి, అత్తగారు ఉన్న ఇళ్లకు ఇది చక్కగా సరిపోతుంది. రెండోది బ్లీచ్‌తో నారింజ దాకా తీసుకెళ్లి, కడిగి ఆరబెట్టి, పెరాక్సైడ్ లేని నేరు రంగు పూయడం. మిరపపండు ఎరుపు కావాలంటే ఈ దారే.

జుట్టు కోసం అమ్మే బ్లీచ్ పొడిని డెవలపర్‌తో ప్లాస్టిక్ గిన్నెలో కలపండి. ఇనుము, రాగి, ఇత్తడి దగ్గరికి రానివ్వకండి, లోహం తగిలితే పెరాక్సైడ్ రెచ్చిపోతుంది. కలిపినది మిగిలితే సీసాలో మూత బిగించి దాచకండి. లోపల ఆక్సిజన్ పుడుతూనే ఉంటుంది, సీసా పగులుతుంది. పొదుపుగా పెరిగిన మా తరం వాళ్లే ఈ పని చేస్తారు. ముందురోజు తలస్నానం వద్దు, మాడు మీది జిడ్డు కాస్త కవచంలా ఉంటుంది.

ఇక పూసే వరుస. మా పిల్ల చేసిన రెండో తప్పు ఇక్కడ ఉంది. నూనె అలవాటు కొద్దీ మన చేయి ముందు మాడు మీదికే పోతుంది. మాడుకు ఒంటి వేడి ఉంటుంది. ఆ వేడికి అంగుళం లోపు జుట్టు మిగిలినదానికన్నా వేగంగా నలుపు పోగొట్టుకుంటుంది. కాబట్టి మాడుకు అంగుళం దూరం వదిలి పొడవంతా ముందు పూయండి, అది డికాషన్ రంగుకు వచ్చాక కుదుళ్లకు రండి. మే నెల మన ఊళ్లో, పై అంతస్తులో, ఫ్యాను కింద కూర్చుంటే ఇంకో చిక్కు: వేడికి పని వేగంగా జరుగుతుంది, గాలికి బ్లీచ్ ఎండిపోతుంది. ఎండిన బ్లీచ్ పనిచేయదు. అయిదు నిమిషాలకోసారి ఒక పాయను తడిగుడ్డతో తుడిచి వెలుగులో చూడండి. పెట్టె మీద రాసిన గరిష్ఠ సమయం దాటకండి. ఇటుకకూ నారింజకూ నడుమ కడిగేయండి.

అన్నిటికన్నా ముందు చేయాల్సినదాన్ని మధ్యలో చెబుతున్నాను, ఎందుకంటే మొదట్లో చెబితే ఎవరూ వినరు. చాలా రంగుల్లో పీపీడీ అనే పదార్థం ఉంటుంది. కొందరికి దానితో ముఖం వాచి కళ్లు మూసుకుపోతాయి. నల్ల హెన్నా పేరుతో అమ్మే పొడుల్లో చాలావాటిలోనూ నలుపు ఇచ్చేది ఇదే, ఆకు కాదు. "అమ్మోనియా లేదు" అన్నంత మాత్రాన పీపీడీ లేదని అర్థం కాదు. రంగును చిటికెడు కలిపి మోచేతి మడతలో రాసి 48 గంటలు చూడండి. దురద, ఎరుపు, పొక్కు ఏది వచ్చినా ఆ పెట్టె మీకు కాదు. పోయినసారి ఏమీ కాలేదు కదా అనకండి, ఈ పడకపోవడం ఎప్పుడైనా మొదలుకావచ్చు. కడుపులోకి వెళ్తే పీపీడీ ప్రాణం తీస్తుంది, పిల్లలున్న ఇంట్లో అలమారా పై అరలో తాళం వేసి పెట్టండి.

ఇదివరకు హెన్నా పెట్టినవారు ఇంకొకటి కూడా చేయాలి. కొన్ని పొడుల్లో లోహ లవణాలు కలుపుతారు. వాటి మీద పెరాక్సైడ్ పడితే జుట్టు వేడెక్కి పొగలు కక్కవచ్చు. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు పోగుచేసి గిన్నెలోని బ్లీచ్‌లో వేసి చూడండి. గిన్నె వెచ్చబడినా, విపరీతంగా నురగ వచ్చినా అక్కడితో ఆపేయండి. మా పిల్లకు ఈ పరీక్ష చేశాం, ఏమీ కాలేదు. రెండు వారాలు ఆగి, కుదుళ్లు వదిలేసి, కింది జుట్టుకు మాత్రం 20 వాల్యూమ్‌తో బ్లీచ్ పెట్టాం. పాత రంగు ఉన్నచోట తుప్పు రంగు దాకా వచ్చి మొండికేసింది. ఇంకోసారి పెడదాం అత్తా అని అది, వద్దని నేను. ఆ మచ్చల మీదే నేరు రంగు పూశాం. పైన నిప్పుల రంగు, కిందికి కుంకుమ. కావాలని అలా చేయించుకున్నట్టే కుదిరింది, కాలేజీలో ఎక్కడ చేయించుకున్నావని అడిగారట.

ఎరుపు వేయడం ఒక్కరోజు పని, ఉంచుకోవడం రోజూ పని. నేరు రంగు జుట్టులో గట్టిగా పాతుకోదు, ప్రతి స్నానానికీ కొంత పోతుంది. గండిపేట నీళ్లు తాగినవాడు ఈ ఊరు వదలడని సామెత. మా బోరు నీళ్లు తగిలిన రంగు మాత్రం ఎక్కువ రోజులు ఉండదు. బోరు నీటిలోని కాల్షియం జుట్టు మీద పేరుకుని రంగును మసకబారుస్తుంది. షాంపూ నురగ రాదు, ఇంకాస్త వేస్తాం, రంగు ఇంకాస్త పోతుంది. కనీసం ఆఖరి రెండు చెంబులైనా కొళాయిలో వచ్చే మంజీరా నీళ్లు, అవీ చల్లనివి పోసుకోండి. కండిషనర్‌లో అదే ఎర్రరంగు ఒక చెంచా కలిపి వారానికోసారి పట్టిస్తే పోయినది తిరిగి చేరుతుంది. స్నానానికి ముందు కొబ్బరినూనె మంచిదే, మీ అమ్మమ్మ చెప్పినదే. తువ్వాళ్లు, దిండు గలీబులు ముదురువి వాడండి. మా ఇంట్లో ఒక తెల్ల దుప్పటి మీద ఇప్పటికీ ఒక తల ఆకారం ఉంది.

అట్ట ఎక్కడిదాకా వచ్చింది? మూడో వరుసలోనేనా? సరే, అది వెనక్కి వెళ్లేలోపు ఇంకొక్క మాట. ఆ రోజు నేరు రంగు ఒక కప్పు మిగిలింది. పెరాక్సైడ్ లేదు కాబట్టి దాచుకోవచ్చు, మూత పెట్టబోయాను. మా అమ్మ స్టూలు లాక్కుని వచ్చి కూర్చుంది. "పారేస్తావేమిటే, ఈ ముందు పాయకు రాయి" అంది. డెబ్బై నాలుగేళ్లు, దూదిలాంటి జుట్టు. బ్లీచ్ అక్కర్లేదు, డెవలపర్ అక్కర్లేదు. అరగంట ఆగి కడిగితే రోజాపువ్వు రంగు పట్టింది. మర్నాడు గుడికి అలాగే వెళ్లింది. పూజారిగారు కుంకుమ ఇచ్చేటప్పుడు పైకి చూసి, కిందికి చూసి, ఏమీ అనలేదట.