బెడ్‌ఫర్డ్ గుమ్మంలో విన్న మాటలు

శ్రోతలకు వందనాలు.

1650 ప్రాంతం. ఇంగ్లండులో ఎల్‌స్టో అనే పల్లె. ఆదివారం భోజనమయ్యాక ఒక యువకుడు ఆటలో పడ్డాడు. మన కర్రాబిళ్ల లాంటి ఆటే. బిళ్లను ఒకసారి కొట్టి, రెండోసారి కొట్టబోతూ ఆగిపోయాడు. పాపం వదిలి పరలోకానికి వెళ్తావా, దాన్ని పట్టుకునే నరకానికి పోతావా అని మనసులో ఎవరో గట్టిగా అడిగినట్లయింది. ఆకాశం వైపు చూశాడు. ‘నాకు ఆలస్యమైపోయింది, ఇక క్షమాపణ లేదు’ అనుకున్నాడు. ఎలాగూ పోయేవాడినే కదా అని మళ్లీ ఆటలో దిగాడు.

అతడే జాన్ బన్యన్. 1628లో పుట్టాడు. చిల్లులు పడ్డ గిన్నెలకు మాట్లు వేసి బతికే కుటుంబం. తర్వాత ‘యాత్రికుని ప్రయాణం’ అనే పుస్తకం రాసింది ఆయనే. ఆరాధన, జీవితం రెండూ వాక్యం ప్రకారమే ఉండాలని పట్టుబట్టిన ప్యూరిటన్ల కాలం అది.

కొన్నాళ్లకు బన్యన్ మారాడు. బూతులు మానాడు. చర్చి గంటలు మోగించడమంటే ప్రాణం, అదీ మానాడు. డాన్స్ మానడానికి ఏడాది పట్టిందట. ఊరివాళ్లు మెచ్చుకున్నారు. తానూ పొంగిపోయాడు.

తమ్ముడూ, చెల్లీ, ఇక్కడే మీతో మాట్లాడాలని ఉంది. సండే స్కూల్లో వాక్యాలు అప్పజెప్పి బహుమతులు తెచ్చుకుంటాం. క్వయర్‌లో పాడతాం. ‘మంచి పిల్ల’ అని పదిమందీ అంటారు. ఆ మాట మీద ఏళ్ల తరబడి బతికేయవచ్చు. ఎవరికీ అనుమానం రాదు, మనకి కూడా.

ఒకరోజు పనిమీద దగ్గర్లోని బెడ్‌ఫర్డ్ పట్టణానికి వెళ్లిన బన్యన్‌కు ఒక గుమ్మం దగ్గర ఎండలో కూర్చున్న ముగ్గురు నలుగురు పేద స్త్రీలు కనబడ్డారు. దేవుని సంగతులు మాట్లాడుకుంటున్నారు. తనకూ ఆ మాటలు బాగా వచ్చనుకుని దగ్గరికి వెళ్లాడు. విన్నాడు గానీ అర్థం కాలేదు. దేవుడు మనసును మార్చి ఇచ్చే కొత్త జన్మ గురించి, తమ హృదయం ఎంత చెడ్డదో, క్రీస్తు ప్రేమ తమను ఎలా ఆదరించిందో చెప్పుకుంటున్నారు. వాళ్ల మాటల్లో సంతోషం ఉంది. తన దగ్గర అది లేదు. ఆయనను కదిలించింది వాళ్ల నీతి కాదు, ఆ సంతోషమే అని నేను నమ్ముతాను.

వెంటనే వెలుగు రాలేదు. ఏళ్ల తరబడి సందేహాలతో నలిగాడు. మీకూ ఆ టెన్షన్ ఉంటే, అది మీరు దేవునికి దూరమైన గుర్తని అనుకోకండి. తర్వాత బన్యన్ బోధకుడయ్యాడు. 1660లో అనుమతి లేకుండా ప్రసంగించినందుకు అరెస్టయి దాదాపు పన్నెండేళ్లు జైల్లో ఉన్నాడు. ఇక ప్రసంగించనని మాటిస్తే వదిలేసేవారు. ఇంట్లో గుడ్డిదైన కూతురు ఉంది. ఆ పిల్ల తలపుకొస్తే గుండె చెరువయ్యేది. జైల్లోనే లేసులు తయారుచేసి ఇంటికి ఆసరా అయ్యాడు, కానీ ఆ మాట మాత్రం ఇవ్వలేదు.

మీ సంఘంలోనూ వెనక వరసలో చాప మీద కూర్చునే పెద్దమ్మలు ఉంటారు. ఈసారి కాటేజీ ప్రార్థన అయ్యాక ఫోన్ పక్కనపెట్టి వాళ్ల దగ్గర కూర్చోండి. ‘దేవుడు నీకేం చేశాడమ్మా?’ అని అడగండి. బన్యన్ ఆ స్త్రీల దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లాడు, వెళ్లకుండా ఉండలేకపోయాడు. ఆలస్యమైందనుకున్న ఆ మనిషే తర్వాత యేసు చెప్పిన ఒకే ఒక్క వాక్యం మీద పుస్తకమంతా రాశాడు: “నాయొద్దకు వచ్చువానిని నేనెంత మాత్రమును బయటికి త్రోసివేయను.”