కొంగల కోసం కౌలు రాయించుకున్న ఊరు

[దృశ్యం: దోసిట్లో చెరువు నీళ్లు. లేత పచ్చ రంగు. వేళ్ల సందుల్లోంచి జారిపోతున్నాయి.]

ఈ రంగు చూశారా? మన చెన్నైలో కుళాయి తిప్పితే ఇలాంటి నీళ్లు వచ్చాయనుకోండి, ఆ పూటే బకెట్ పారబోస్తాం. ఇక్కడ, వేడంతాంగల్ చెరువు తూము కింద ఉన్న వరిమళ్లకు మాత్రం ఈ పచ్చదనమే బలం. ఇది చెట్ల మీద కూర్చున్న వేల పక్షుల రెట్ట కలిసిన నీరు. ఈ ఊరికీ పక్షులకూ ఉన్న చుట్టరికమంతా ఈ దోసెడు నీళ్లలోనే ఉంది.

[దృశ్యం: తెల్లవారుజామున జీఎస్‌టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు. పడాళం దగ్గర కుడివైపు మలుపు.]

నేనుండేది క్రోంపేటలో. ఇంటి దగ్గర బండెక్కి దక్షిణంగా చెంగల్పట్టు దాటి, పడాళం దగ్గర లోపలికి తిరిగితే వేడంతాంగల్. తమిళంలో ఆ పేరుకు వేటగాళ్ల పల్లె అని అర్థం చెబుతారు. అలాంటి పేరున్న ఊరే వేటను ఆపించింది.

[దృశ్యం: పాత కాగితం రంగులో తెర. దాని మీద ఒకే ఒక అంకె: 1798.]

కథ ఈస్టిండియా కుంఫిణీ రోజులది. తెల్ల సిపాయిలు తుపాకులతో వచ్చి చెరువులో పక్షుల్ని కాల్చేవాళ్లు. ఊరి రైతులు ఊరుకోలేదు. నేరుగా చెంగల్పట్టు కలెక్టరు లయోనెల్ ప్లేస్ దగ్గరికి వెళ్లారు. ఈ పక్షుల్ని కాపాడుకునే హక్కు మాకు రాసివ్వండి అని అడిగారు. 1798లో ఆయన రాసిచ్చాడు. ఆ కాగితం పేరేంటో తెలుసా? కౌలు.

అవును, మనం పొలం కౌలుకిచ్చాం అంటామే, అదే కౌలు. అరబ్బీలో ‘కౌల్’ అంటే మాట. ఇచ్చిన మాట. తెలుగు రైతుకు రోజూ నోట్లో నానే ఈ పదం, పక్షుల విషయంలో ఒక ఊరు తీసుకున్న మాటకు పేరుగా ఉండటం నాకు ఎంతో సంతోషం అనిపిస్తుంది. 1858లో ఆ హక్కును మళ్లీ రాయించుకున్నారు. 1936లో సర్కారు ఈ చెరువును పక్షుల రక్షిత కేంద్రంగా గుర్తించింది. అంటే సర్కారు రావడానికి 138 ఏళ్ల ముందే ఊరు కాపలా కాస్తోంది. 2022లో రామ్‌సర్ అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలోనూ చేరింది.

[దృశ్యం: నీళ్లలో సగం మునిగిన చెట్లు. కొమ్మకో గూడు. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి.]

ఇప్పుడు అసలు సంగతి. పక్షులు ఇక్కడే గూడు ఎందుకు కడతాయి?

ఆ చెట్లు చూడండి. మన నెల్లూరు వైపు వీటిని కడప చెట్లంటారు. నెలల తరబడి మొదలు నీళ్లలో నానినా కుళ్లవు. పక్షికి కావలసింది సరిగ్గా అదే. చెట్టు చుట్టూ నీళ్లుంటే నక్క రాదు, పిల్లి రాదు, రాయి పట్టుకున్న కుర్రాడూ రాడు. మన ఇళ్లకు ప్రహరీ ఎలాగో గూటికి నీళ్లు అలాగ. కొంగలు, గూడబాతులు (పెలికాన్లు) చుట్టుపక్కల చెరువులన్నీ తిరిగి చేపలు పట్టి తెచ్చి పిల్లలకు పెడతాయి. రెట్ట మాత్రం ఇక్కడే పడుతుంది. అందులో నత్రజని ఉంది, భాస్వరం ఉంది. అంటే ఎక్కడెక్కడి చెరువుల సారమో రెక్కల మీద వచ్చి ఈ చెరువులో దిగుతోంది. తూము తీస్తే పొలానికి పోతోంది. యూరియా బస్తాలు లేని రోజుల్లోనే రైతు ఈ లెక్క కనిపెట్టాడు.

చెరువు చూస్తే పెద్దదేం కాదు, దాదాపు 30 హెక్టార్లు. కానీ రక్షిత ప్రాంతం చుట్టూ 5 కిలోమీటర్ల మేర ఉంది. ఎందుకంటే పక్షి పడుకునేది చెరువులో, బతికేది చుట్టూ ఉన్న పొలాల్లో, కుంటల్లో. 2020లో ఆ 5ను 3కి కుదించాలని ప్రతిపాదన వచ్చినప్పుడు అంతమంది ఎదురు తిరిగింది అందుకే. గూడు ఉంచి వంటిల్లు తీసేస్తామంటే ఎవరు ఒప్పుకుంటారు?

[దృశ్యం: దీపావళి రాత్రి. ఒక వీధి గుమ్మాల్లో ప్రమిదలు. శబ్దం లేదు. కీచురాళ్లు మాత్రం.]

ఈ ఊళ్లో దీపావళికి టపాకాయలు కాల్చరు. శివగంగ జిల్లాలో వేట్టంగుడి పక్షుల కేంద్రం పక్కనున్న కొల్లుకుడిపట్టి వాళ్లూ అంతే. పదేళ్ల పిల్లాణ్ణి టపాకాయ ముట్టుకోకుండా ఆపడం ఎంత కష్టమో ఇంట్లో పిల్లలున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇక్కడ తరం తర్వాత తరం అది చేసి చూపిస్తోంది.

[దృశ్యం: జాతీయ రహదారి మీద తెలుగు బోర్డు. సూళ్లూరుపేట.]

ఇక ఉత్తరానికి పదండి. మద్రాసు దాటి, తడ దాటి, సూళ్లూరుపేట దాటితే దొరవారిసత్రం మండలం. అక్కడ నేలపట్టు. 1976 నుంచి రక్షిత కేంద్రం. మా పెద్దమ్మ వాళ్ల పల్లె ఆ పక్కనే కాబట్టి నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన చెరువు. గూడబాతులకు పెట్టింది పేరు. పొద్దున్నే పులికాట్ వైపు వేటకు పోతాయి, గొంతు సంచీలో చేపలతో తిరిగొస్తాయి. పిల్ల ఏకంగా తల్లి నోట్లోకి తల దూర్చేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు తల్లి పిల్లను మింగేస్తోందని ఏడ్చానట.

ఎనిమిదేళ్లప్పుడు నేనూ ఒకసారి గట్టు మీద రాయి ఎత్తాను. పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది. ‘పురిటికొచ్చిన ఆడపిల్లల్ని ఎవురన్నా తరుముతారా అబ్బయా?’ అంది. తిట్టలేదు. రాయి కింద పెట్టేదాకా చెయ్యి వదల్లేదు.

[దృశ్యం: చెరువు గట్టు. మట్టానికి కొట్టిన కొయ్య. దాని మీద పాత నీటి గుర్తులు.]

ఆ మాటలో పెద్ద లెక్క ఉంది. గూడబాతు గుడ్డు పొదగడానికి దాదాపు నెల. పిల్ల గూటిని వదలడానికి ఇంకో 3 నుంచి 5 నెలలు. అంటే కార్తీకంలో నిండిన చెరువు ఉగాది దాటేదాకా ఎండకూడదు. అదే సమయంలో తూము కింద వరి కూడా నీళ్లడుగుతుంది. నీళ్లు మొత్తం వదిలేస్తే చెట్టు మొదలు బయటపడుతుంది, నక్క నడిచి వస్తుంది. అసలు వదలకపోతే పైరు ఎండుతుంది, రైతుకు పక్షి మీద ప్రేమ పోతుంది. ఊరంతా కూర్చుని తేల్చుకోవాల్సింది ఇదే: తూము ఎంత తీయాలి, ఎప్పుడు మూయాలి. పక్షుల్ని కాపాడడమంటే బోర్డులు పెట్టడం అనుకుంటాం. నా మటుకు, పల్లెలో అది చెరువు పూడిక తీయడం, వాగు నుంచి వచ్చే కాలువకు అడ్డం లేకుండా చూడడం, తూము దగ్గర మాట నిలబెట్టుకోవడం. ఇవి చేసే చేతులకు ఫోటోల్లో చోటు దొరకదు.

మీ ఊళ్లో చెరువుంటే ముందు కాలువ చూడండి. చెరువులోకి నీళ్లు తెచ్చే దారి మూసుకుపోయిందా? గట్టున కడప, తుమ్మ మొక్కలు ఎన్ని మిగిలాయి? గుడ్లు పెట్టే నెలల్లో గట్టు మీద మైకులు ఆపగలరా? ఈ మూడూ గ్రామసభలో అడగదగ్గ ప్రశ్నలే.

చూడ్డానికి వెళ్లేవాళ్లు నవంబరు నుంచి మార్చి మధ్య వెళ్లండి. సాయంత్రం నాలుగు దాటాక వెళితే అన్నీ గూళ్లకు చేరుతుంటాయి. మాట్లాడేది తగ్గించండి. డ్రోన్ తీసుకెళ్లొద్దు, దయచేసి.

[దృశ్యం: ఫోన్ తెర. వాన చప్పుడు.]

పోయిన ఏడాది వానల్లో పెద్దమ్మ ఫోన్ చేసింది. అలుగును మావైపు కలుజు అంటారు. ‘అబ్బయా, నీళ్లు కలుజు దాటినాయి. పొద్దున రెండొచ్చి కడప చెట్టు మీద వాలి, చుట్టూ చూసిపోయినాయి’ అంది.

మర్నాడు ఉదయం మళ్లీ చేసింది. ఆమె మాట సరిగా వినపడలేదు. వెనక రెక్కల చప్పుడు.