పేరు తెలియని పొరుగింటిని అడిగే కంప్యూటర్: లినక్స్‌లో అక్కర్లేని డీఎన్‌ఎస్ లోపాలు

నమస్కారం. తిరుపతి గాంధీ రోడ్డులో జిరాక్స్ దుకాణం నడిపే నా మిత్రుడు ఇటీవల ఫోన్ చేశారు. తన డెబియన్ (ఒక రకం లినక్స్) కంప్యూటర్‌లో సుడో (అడ్మిన్ హక్కులతో పని చేయించే) కమాండ్ కొట్టిన ప్రతిసారీ తెర కొన్ని క్షణాలు నిలిచిపోయి, ఆ తర్వాత 'అనేబుల్ టు రిజాల్వ్ హోస్ట్' అన్న సందేశం వస్తోందని, నెట్ కనెక్షన్ మార్చుకోవాలా అని అడిగారు.

నెట్‌లో ఏ లోపమూ లేదు. ఆయన కంప్యూటర్ పేరును 'శేషాచలం' అని మార్చారు గానీ, ఈటీసీ డైరెక్టరీలో పేర్లూ చిరునామాలూ రాసి ఉండే హోస్ట్స్ ఫైల్‌లో 127.0.1.1 (ఆ యంత్రం తనకు తానే వాడుకునే చిరునామా) ఎదురుగా పాత పేరే ఉండిపోయింది. దాంతో ఆ యంత్రం తన పేరు ఎవరిదో తెలియక పేర్లకు ఐపీ చిరునామాలు చెప్పే బయటి డీఎన్‌ఎస్ సర్వర్‌ను అడుగుతోంది. ఆ సర్వర్‌కు శేషాచలం ఎవరో ఎలా తెలుస్తుంది? ఆ వరుసలో కొత్త పేరు రాయగానే సుడో వెంటనే పలికింది.

ఇలాంటప్పుడు చాలామంది గూగుల్ డీఎన్‌ఎస్ సర్వర్ అయిన 8.8.8.8 పెట్టుకోమని సలహా ఇస్తారు. అడిగే పేరే తప్పయినప్పుడు, ఎవరిని అడిగినా వచ్చేది 'లేదు' అన్న జవాబే. కాబట్టి ముందు మన యంత్రం ఏమేం అడుగుతోందో చూడాలి. నెట్‌వర్క్ రాకపోకలను చూపే టీసీపీడంప్‌తో, డీఎన్‌ఎస్ ప్రశ్నలు వెళ్లే 53వ పోర్టును గమనిస్తే ఆ ప్రశ్నలన్నీ వరుసగా తెర మీద కనిపిస్తాయి.

ఆ దుకాణంలో నాకు కనిపించిన రెండో సంగతి సెర్చ్ డొమైన్, అంటే పేరు దొరకనప్పుడు దాని చివర తగిలించి చూసే పదం. రౌటర్, కంప్యూటర్లకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ ద్వారా 'హోమ్' అనే పదాన్ని కూడా ఇస్తోంది. ఏదైనా వెబ్‌సైట్ పేరును ఒక అక్షరం తప్పుగా కొడితే, ఆ పేరు లేదన్న జవాబు వచ్చాక, అదే పేరు చివర 'హోమ్' తగిలించి యంత్రం మళ్ళీ అడుగుతుంది. సాధారణంగా పాత రకం చిరునామా ఐపీవీ4కు ఒకటి, కొత్త రకం ఐపీవీ6కు ఒకటి చొప్పున ప్రశ్నలు వెళ్తాయి కాబట్టి ఒక్క అక్షర దోషానికి నాలుగు ప్రశ్నలు, నాలుగు లోపాలు. నెట్‌వర్క్ మేనేజర్‌లో ఐపీవీ4 విభాగానికి వెళ్లి, ఆటోమేటిక్ డీఎన్‌ఎస్ ఆపి, సర్వర్ చిరునామా మనమే ఇస్తే రౌటర్ ఇచ్చే సెర్చ్ డొమైన్ కూడా పక్కకు పోతుంది. డీఎన్‌ఎస్ సర్వర్ల చిరునామాలు ఉండే రిజాల్వ్.కాన్ఫ్ ఫైల్‌ను నేరుగా దిద్దడం మాత్రం వృథా శ్రమ, ఎందుకంటే నెట్‌వర్క్ మేనేజర్ దాన్ని మళ్ళీ తిరగరాస్తుంది.

అక్కడ ఇచ్చే చిరునామాల్లో మొదటిది పనిచేసేదై ఉండాలి. సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డీ (పేర్లు వెతికిపెట్టే ఒక సేవ) లేని యంత్రాల్లో, మొదటి సర్వర్ పలకకపోతే గ్లిబ్‌సీ (ప్రోగ్రాములు వాడుకునే లినక్స్ మూల లైబ్రరీ) 5 సెకన్లు ఆగి గాని రెండోదాన్ని అడగదు. పైగా తర్వాతి పేరుకు మళ్ళీ ఆ మొదటి సర్వర్ దగ్గరికే వెళ్తుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా ఆ యంత్రం ఒక పేరును పదేపదే వెతుకుతూనే ఉంది. చూస్తే, అమ్మేసిన పాత ప్రింటర్ పేరు కప్స్ (లినక్స్ ప్రింటింగ్ వ్యవస్థ) జాబితాలో ఇంకా ఉంది; దాని వరుసలో ఎవరిదో ఆధార్ కార్డు కాపీ ఒకటి ముద్రణ కోసం ఎదురుచూస్తోంది. ఆ ప్రింటర్‌ను జాబితా నుంచి తీసేశాం, టీసీపీడంప్ తెర కదలడం ఆగిపోయింది.